రాక్ అందామా, రాగం అందామా?

ఈ ఏడాది మన కాలేజీలో బాగా నలిగిన ప్రశ్న యూనియన్ ఎన్నికలది కాదు, హాస్టల్ మెస్ బిల్లుదీ కాదు. వార్షికోత్సవం రెండో రోజు రాత్రి ఐదుగురు కుర్రాళ్ళు వేదికెక్కి, ఒకే ఒక్క పాట వాయించి దిగిపోయారు. ఆ పాట ఏ జాతికి చెందినది? ఇదీ ప్రశ్న. క్యాంటీనులో చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా దీనిమీద వాదించుకున్నవాళ్ళున్నారు. లైబ్రరీలో గొంతు తగ్గించుకుని కొట్టుకున్నవాళ్ళున్నారు. స్టాఫ్ రూములో కూడా రెండు పక్షాలు ఏర్పడ్డాయని వినికిడి. సంగీతం గురించి మనవాళ్ళు ఇంతగా తర్కించుకోవడం శుభసూచకమే. అయితే ఈ రభసలో అసలు సంగతి ఒకటి మరుగున పడిపోతోందని అనిపించి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆ రాత్రి తొందరగా ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. ఐదుగురిలో ఒకరు గిటారు, ఒకరు బేస్ గిటారు, ఒకరు డ్రమ్స్, ఒకరు మృదంగం, పాడే అమ్మాయి ముందు కీబోర్డు. పాట వాళ్ళు సొంతంగా రాసుకున్నదే, తెలుగులోనే. లింగంపల్లి నుంచి బయలుదేరే లోకల్ రైల్లో రోజూ పోయివచ్చే ఒక ఉద్యోగి గురించి. పదకొండు నిమిషాలు సాగింది. మొదలు మిశ్రచాపులో, రైలు చక్రాల నడకలాగా. మధ్యలో మృదంగానికీ డ్రమ్స్‌కీ సవాల్ జవాబ్. తర్వాత గిటారు ఒక్కటే కాసేపు. చివరికి అన్నీ ఆగిపోయి గొంతు మాత్రం మిగిలింది. సినిమా పాటలకి ఈలలు వేసిన ఆ హాలే ఈ పాట అయిపోయాక మూడు నాలుగు క్షణాలు చప్పుడు లేకుండా వుండిపోయింది. చప్పట్లు ఆ తర్వాత వచ్చాయి.

వీళ్ళు సాధన చేసేది చందానగర్‌లో, ఒక అపార్టుమెంటు మీద పెంట్‌హౌస్ గదిలో. గోడలకి పాత పరుపులు కట్టి, కింది వాటాల వాళ్ళని బతిమాలుకుని, రాత్రి తొమ్మిదయితే ఆపేస్తారు. చందానగర్‌లో పుట్టడం వల్లనే ఈ పాట ఇలా వుందని నాకు గట్టి నమ్మకం. ఆ వూరిని చూడండి. ఒక పక్క బొంబాయి హైవే. ఇంకో పక్క రైలు పట్టాలు. కాస్త దూరంలో 1960లలో వచ్చిన బి.హెచ్.ఇ.ఎల్., దాని టౌన్‌షిప్పు, దేశం నలుమూలల నుంచి వచ్చి స్థిరపడిన కార్మిక కుటుంబాలు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక హైటెక్ సిటీ ఉద్యోగులు అద్దెలు వెతుక్కుంటూ ఇటు జరుగుతూ వచ్చారు. పాత వూరి బోనాలు పాత వూరివే, కొత్త అపార్టుమెంట్ల గణపతి మంటపాలు వాటివే. చందానగర్ పల్లెటూరా, కార్మికవాడా, ఐ.టి. కాలనీయా అని అడిగితే ఏం చెబుతాం? మూడూను! అలాంటి చోట పుట్టిన పాట ఒక్క జాతికి చెందాలని పట్టుపట్టడమేమిటి?

సరే, మన కాలేజీలో ఏర్పడిన పక్షాల సంగతి. మొదటి పక్షం వారు ఇంగ్లీషు సంగీతం బాగా వినే మిత్రులు. "ఇది అచ్చంగా ప్రోగ్రెసివ్ రాక్, సందేహం లేదు" అంటారు. రెండో పక్షం "కాదు, ఫ్యూజన్. మృదంగం వుంటే రాక్ ఎట్లా అయితది?" అంటారు. మూడో పక్షం పెద్దలది. సంగీతం నేర్చుకున్న ఒక మాస్టారు నాతో అన్నారు: "బాబూ, రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు ఏ ఒడ్డుకీ చేరడు." నాలుగో పక్షం జనసామాన్యం. మన క్యాంటీనులో పనిచేసే తమ్ముడు ఆ పక్షం మాట ఒక్క ముక్కలో తేల్చేశాడు: "పేరెందుకన్నా, మంచిగున్నది కదా!"

ఈ నాలుగో మాట విన్నవెంటనే మనందరికీ ఒప్పుకోవాలనిపిస్తుంది. పాట బాగుంటే చాలు, పేరుతో పనేమిటి? ఎంతో ఉదారంగా వుంది వినడానికి. కాని నేను ఒప్పుకోలేను. ఎందుకో చివర్లో చెబుతాను. ముందు మొదటి మూడు పక్షాల వాదాలూ పరిశీలిద్దాం.

ప్రోగ్రెసివ్ రాక్ అనే మాట మన అధ్యాపకులలో కొందరికి కొత్త కావచ్చు. 1960ల చివర్లో ఇంగ్లండులో కొందరు యువకులకి మూడు నిమిషాల ప్రేమపాటలు విసుగెత్తాయి. రాక్ వాయిద్యాలతోనే సింఫనీ అంత పెద్ద నిర్మాణాలు కట్టవచ్చునని వాళ్ళు నమ్మారు. 1969 అక్టోబరులో కింగ్ క్రిమ్సన్ అనే బృందం తెచ్చిన 'ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్' ఆ ధోరణికి మొదటి మైలురాళ్ళలో ఒకటి. 1972లో యెస్ బృందం 'క్లోజ్ టు ది ఎడ్జ్' అనే ఒక్క పాటతో లాంగ్ ప్లే రికార్డు ఒక వైపంతా నింపేసింది. పద్దెనిమిది నిమిషాల పైచిలుకు పాట అది. అదే ఏడాది జెత్రో టల్ వాళ్ళు 'థిక్ యాజ్ ఎ బ్రిక్' అని రికార్డు రెండు వైపులా ఒకే పాట పెట్టారు. అదీ ఈ ధోరణి మీద సగం ఎగతాళిగా! 1973లో పింక్ ఫ్లాయిడ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' వచ్చింది. అందులో 'మనీ' అనే పాట చాలా భాగం ఏడు దెబ్బల తాళంలో నడుస్తుంది. రాక్ అంటే నాలుగు దెబ్బలే అనుకునే జనానికి అది పెద్ద విడ్డూరం.

దీర్ఘమైన నిర్మాణం, బేసి తాళాలు, పాట మధ్యలో నడక మారడం, వాయిద్యకారుల పాండిత్య ప్రదర్శన, కథ చెప్పే సాహిత్యం. ఇవీ ప్రోగ్రెసివ్ రాక్ లక్షణాలని పుస్తకాలు చెబుతాయి. ఈ జాబితా పట్టుకుని మన ఐదుగురి పాటని పరీక్షించి "అన్నీ వున్నాయి, పాస్!" అంటున్నారు మొదటి పక్షం మిత్రులు.

ఇక్కడే నాకు పేచీ వుంది. ఆ లక్షణాలన్నీ మన కచేరీలోనూ వున్నాయి కదా! రాగం తానం పల్లవి కంటే దీర్ఘమైన నిర్మాణం ఏ రాక్ బృందం కట్టింది? ఒకే పల్లవిని మూడు కాలాల్లో పాడటం, గతి మార్చి తిశ్రంలోనో ఖండంలోనో తిప్పి తీసుకొచ్చి సరిగ్గా ఎడుపులో దించడం మన విద్వాంసులు తరాలుగా చేస్తున్న పని. బేసి తాళం మాటకొస్తే తెలుగువాడికి అది బడిలోనే అబ్బుతుంది. గురజాడ వారి ముత్యాల సరం నడక ఏమిటి? మూడు, నాలుగు, మూడు, నాలుగు. అంటే ఏడు మాత్రల మిశ్రగతి. ఆయన 'దేశభక్తి' గేయాన్ని ప్రార్థన సమావేశంలో వరుసగా నిలబడి వల్లించిన ప్రతి పిల్లవాడూ, తనకి తెలియకుండానే, ఏడు దెబ్బల లెక్కని ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. పింక్ ఫ్లాయిడ్ పాటకి అరవై మూడేళ్ళ ముందే, 1910లోనే, ఆ గేయం వచ్చింది. కాబట్టి మిశ్రచాపు వినబడగానే "ఆహా, ఇంగ్లండు ప్రభావం!" అని ఎగిరి గంతెయ్యక్కర్లేదు. ఆ కుర్రాళ్ళు అది లండన్ నుంచి తెచ్చుకున్నారో, విజయనగరం నుంచి తెచ్చుకున్నారో, బహుశా వాళ్ళకీ తెలియదు.

ఇంకో మాట. 'ప్రోగ్రెసివ్' అంటే ముందుకు పోయేది అని కదా అర్థం. 1970ల నడిమికి వచ్చేసరికి ఆ సంగీతమే ఒక మూసగా తయారైంది. అంతులేని సోలోలు, ఆడంబరాలు. దాని మీద విసుగుతో 1976, 77 ప్రాంతాల్లో పంక్ అనే మొరటు సంగీతం విరుచుకుపడింది. యాభై ఏళ్ళ కిందటి ఆ లక్షణాల పట్టీని పెట్టుకుని, దానికి అచ్చుగుద్దినట్టు వాయిస్తే అది ముందుకి పోవడం ఎలా అవుతుంది? అది వెనక్కి చూడటమే. మొదటి పక్షం వారు ఆ కుర్రాళ్ళని మెచ్చుకుంటున్నామనుకుంటూనే పాత మూసలో పోస్తున్నారు.

ఇక మూడో పక్షం, మా మాస్టారి పక్షం. వీరి మాటని తేలిగ్గా తీసిపారెయ్యడానికి వీల్లేదు. వీరి భయం శాస్త్రం తెలిసినవారి భయం. మన సంగీతంలో స్వరం నిలబడి వుండదు, ఊగుతుంది. ఆ గమకంలోనే రాగం ప్రాణం వుంది. కీబోర్డు మీట నొక్కితే స్వరం బిగుసుకుని నిలబడుతుంది. గిటారు మీద కార్డు వేస్తే మూడు స్వరాలు ఒక్కసారి పలుకుతాయి. రాగంలో లేని స్వరం దొడ్డిదారిన చొరబడవచ్చు. ఉదాహరణకి నళినకాంతి రాగంలో ధైవతం లేదు. ఆ రాగానికి గిటారు మీద మధ్యమం ఆధారంగా మామూలు కార్డు కట్టామా, మ-ద-స అని ధైవతం వచ్చి కూర్చుంటుంది. రాగం అక్కడే బెడిసికొడుతుంది. "తెలిసి చేస్తే ప్రయోగం, తెలియక చేస్తే అపచారం" అని మాస్టారు అన్నది అక్షరాలా నిజం.

కాని మాస్టారికి సవినయంగా ఒకటి రెండు సంగతులు గుర్తుచేస్తాను. మన కచేరీకి ప్రాణమైన ఫిడేలు ఎవరిది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ల దగ్గర నేర్చుకుని మన పాటకి మళ్ళించిన వాయిద్యం అది. తర్వాత మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దాన్ని ఎంత సొంతం చేశారంటే, జనం ఆయన్ని ఫిడేలు నాయుడు గారనే పిలుచుకున్నారు. ఈ రోజు ఫిడేలు విదేశీయమంటే నవ్విపోతారు. పాలకొల్లు కుర్రవాడు యు. శ్రీనివాస్ 1981లో మద్రాసు సభలో మాండలిన్ పట్టుకుని కూర్చున్నప్పుడు, ఈ పిల్లవాయిద్యం మీద గమకం పలుకుతుందా అని సందేహించినవారు తక్కువేం కాదు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే పలికించాడు. 2014లో ఆయన పోయేనాటికి ఆ వాయిద్యం పేరే ఆయన ఇంటిపేరయి కూర్చుంది. అదే శ్రీనివాస్ ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని 'రిమెంబర్ శక్తి' బృందంలోనూ వాయించాడు. మద్రాసు సభలో వాయిస్తే శాస్త్రీయం, అక్కడ వాయిస్తే ఫ్యూజన్ అంటారు. చెయ్యి ఒక్కటే, వాయిద్యం ఒక్కటే!

హార్మోనియం కథ ఇంకా విచిత్రం. గమకం పలకదన్న కారణంతోనే 1940 మార్చి నుంచి ఆలిండియా రేడియో హార్మోనియాన్ని బహిష్కరించింది. ఆ నిషేధం దాదాపు మూడు దశాబ్దాలు నడిచింది. ఆ మూడు దశాబ్దాలూ మన పద్యనాటకం ఏ వాయిద్యం మీద బతికింది? హార్మోనియం మీదే! చందానగర్ పక్కనే లింగంపల్లిలో సురభి కాలనీ వుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన ఆ నాటక కుటుంబాల వారసులు అక్కడ వున్నారు. వాళ్ళ నాటకంలో పద్యం వుంది, పాట వుంది, గాలిలో తేలే ఘటోత్కచుడున్నాడు. దాన్ని సంగీతమందామా, నాటకమందామా, ఇంద్రజాలమందామా? నూట నలభై ఏళ్ళుగా జనం చూస్తూనే వున్నారు. రేడియో వారి పట్టికలో వాయిద్యానికి చోటు లేనంత మాత్రాన నాటకం ఆగలేదు.

సాహిత్యంలోనూ ఇంతే. వచన కవిత వచ్చిన కొత్తలో "ఛందస్సు లేనిది కవిత్వమెట్లా అవుతుంది, ముక్కలుగా విరిచిన వచనం కాదూ?" అని వెక్కిరించినవారు మహాపండితులు. కుందుర్తి ఆంజనేయులు గారు 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టి దాని తరఫున గట్టిగా నిలబడ్డారు. ఇప్పుడు మన తెలుగు శాఖలోనే వచన కవిత ఒక పాఠ్యాంశం! నిన్నటి సంకరం నేటి సిలబస్సు.

ఇక రెండో పక్షం, ఫ్యూజన్ పక్షం. ఇది అందరికీ అనుకూలమైన పేరు, అందుకే అన్నిటికంటే బద్ధకమైన పేరు. సితారుకీ శాక్సొఫోనుకీ జత కట్టినా ఫ్యూజనే, సినిమా పాటకి కింద తబలా రిథమ్ వేసినా ఫ్యూజనే. ఆ మాట వంటలో ఏముందో చెప్పదు, రెండు గిన్నెలు కలిపారని మాత్రం చెబుతుంది. ఇళయరాజా గారు 1986లో త్యాగరాజుకీ, జర్మనీ దేశపు బాఖ్‌కీ అంకితమిచ్చి ఒక వాయిద్య సంగీతపు ఆల్బం చేశారు. దానికి ఆయన పెట్టిన పేరే 'హౌ టు నేమ్ ఇట్', అంటే దీనికి పేరెలా పెట్టడమని! అంతటి విద్వాంసుడే పేరు దగ్గర ఆగి ప్రశ్నార్థకం పెట్టాడు. మనం మాత్రం క్యాంటీనులో కూర్చుని రెండు నిమిషాల్లో తేల్చేస్తాం.

మన ఐదుగురూ ఆకాశం నుంచి వూడిపడలేదు. వాళ్ళకి ముందు దారి వేసినవాళ్ళున్నారు. కొచ్చిన్ నుంచి మదర్‌జేన్ బృందం 2008లో 'మక్తూబ్' తెచ్చింది. అందులో బైజు ధర్మజన్ గిటారు తీగని సాగదీసి గమకం పలికించిన తీరు విని తీరాలి. బెంగుళూరు బృందం 'అగం' మనకి మరీ దగ్గర. హరీష్ శివరామకృష్ణన్ గొంతూ ఫిడేలూ, స్వామి సీతారామన్ కీబోర్డూ, ప్రవీణ్ కుమార్ గిటారూ. ఉద్యోగాలు చేసుకుంటూనే సాయంత్రాలూ సెలవులూ కూడబెట్టుకుని పాడుకున్నవాళ్ళు. 2012లో 'ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్', 2017లో 'ఎ డ్రీమ్ టు రిమెంబర్' తెచ్చారు. రెండోదానిలో త్యాగరాజస్వామి వారి 'మనవ్యాలకించరా' కీర్తనకి వాళ్ళ రూపం వుంది. నళినకాంతి రాగమే, తెలుగు కీర్తనే! పాడినవాళ్ళ ఇంటి భాష తెలుగు కాదు, వినే వేలమందిలో చాలామందికీ కాదు. అయినా గిటార్ల హోరులో తెలుగు మాట ఊరూరా తిరుగుతోంది. తమ సంగీతాన్ని వాళ్ళు కర్ణాటక ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. రాక్ అభిమానులకి అది మరీ కర్ణాటకం, సభల రసికులకి మరీ రాక్.

మన హైదరాబాదులో చౌరస్తా బ్యాండు ఇంకో దారి పట్టింది. పల్లె పాటకి జమైకా రెగే నడక తొడిగి 2018లో 'ఊరెళ్ళిపోతా మామా' పాడితే, నగరంలో అద్దెగదుల్లో వున్న పల్లె కుర్రాళ్ళందరి గుండెల్లోనూ అది మోగింది. ఆ బ్యాండులో పాడిన రామ్ మిరియాల గొంతుని 2021లో 'జాతిరత్నాలు' సినిమాలో 'చిట్టి' పాట ఇంటింటికీ చేర్చింది. సంతోషమే. కాని తెలుగునాట సొంత పాట కట్టుకున్నవాడికి గుర్తింపు కావాలంటే ఆఖరికి సినిమా గుమ్మం తొక్కాల్సిందేనా అని ఒక్కసారి ఆలోచించాలి. మలయాళ దేశంలో, బెంగాలులో బ్యాండు పాటలకి వేరే బతుకు వుంది. మనకి ఇప్పటికీ సినిమాయే సంగీతం, సంగీతమే సినిమా.

ఇప్పుడు నాలుగో పక్షానికి, "పేరెందుకన్నా" అన్న తమ్ముడి మాటకి వస్తాను. పేరు అక్కర్లేదు అనగలిగేవాడు వినేవాడే. పాడేవాడికి పేరు లేకపోతే నిలబడటానికి జాగా వుండదు. ఆ ఐదుగురు పోటీలో ఎందుకు లేరో మీలో ఎంతమందికి తెలుసు? మన పోటీల పట్టికలో వున్నవి శాస్త్రీయ గాత్రం, శాస్త్రీయ వాద్యం, లలిత సంగీతం, భారతీయ బృందగానం, పాశ్చాత్య బృందగానం, జానపద వాద్యబృందం. విశ్వవిద్యాలయాల యువజనోత్సవాల్లోనూ విభాగాలు దాదాపు ఇవే. మనవాళ్ళు పేరివ్వడానికి వెళితే, భారతీయంలో పాడాలంటే డ్రమ్స్, గిటారు తీసెయ్యమన్నారు. పాశ్చాత్యంలో పాడాలంటే మృదంగం తీసెయ్యండి, పాట ఇంగ్లీషులో వుండాలన్నారు. అంటే రైలు కావాలంటే చక్రాలైనా వదులుకో, ఇంజనైనా వదులుకో అన్నట్టు. వాళ్ళు రెండూ వదులుకోలేదు, పోటీనే వదులుకున్నారు. ఎవరో దయతలచి ఆఖర్న, పోటీతో సంబంధం లేకుండా పావుగంట ఇచ్చారు. అప్పటికి సౌండు సిస్టం కుర్రాడు వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. మృదంగానికి మైకు దొరికింది పాట మొదలైన రెండు నిమిషాలకి!

పేరు చేసే పని ఇదీ, మిత్రులారా. వేదిక ఎవరికివ్వాలో, మైకు ఎవరికివ్వాలో, బహుమతి, సర్టిఫికెట్టు, పై పోటీలకి పంపే రైలు ఛార్జీలు ఎవరికివ్వాలో అన్నీ పేరే నిర్ణయిస్తుంది. పేర్లు ఉత్తవి అని మనం చాయ్ తాగుతూ కొట్టిపారేస్తే, నష్టపోయేది పేరు లేనివాడే. సంగీతపు జాతిపేరు ఇంటి చిరునామాలా వుండాలి, మనిషిని వెతుక్కుంటూ పోవడానికి పనికిరావాలి. మన దగ్గర అది కుల ధ్రువీకరణ పత్రంలా తయారైంది. అది లేనివాడిని గుమ్మం దగ్గరే ఆపేస్తున్నాం.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ వుంది. నిర్వాహకుల్లో ఒకరు నన్నే అడిగారు: "సార్, జాతి లేని దానికి మార్కులు ఎట్ల వేస్తం? రేపు ఎవడైనా ఇష్టమొచ్చినట్టు బాది, ప్రయోగం అంటే ఒప్పుకోవాల్నా?" న్యాయమైన ప్రశ్న. ప్రయోగమనే ముసుగులో చేతగానితనం దాక్కోవడం మన కళల్లో కొత్తేమీ కాదు. కాని కొలబద్ద లేదన్నది నిజం కాదు. మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఒకటి, వాయిస్తున్నదాన్ని ఒంటరిగా నిలబెడితే నిలుస్తుందా? అంటే మృదంగం ఒక్కటే వింటే మృదంగ విద్వాంసుడు, గిటారు ఒక్కటే వింటే గిటారు తెలిసినవాడు తల వూపుతారా? రెండు, కలిపినందువల్ల కొత్తగా ఏమైనా పుట్టిందా, లేక పక్కపక్కన కూర్చున్నారా? మూడు, మాట బతికిందా? తెలుగు పదం తాళం కోసం అడ్డంగా విరిగిపోయిందా, అర్థంతో సహా చెవికి చేరిందా?

ఈ మూడు ప్రశ్నలూ మన ఐదుగురికే వేస్తాను. మెచ్చుకోలుతో పాటు కొన్ని చీవాట్లు కూడా వాళ్ళకి రావాలి. మృదంగం, గిటారు మొదటి పరీక్షలో నెగ్గాయి. డ్రమ్స్ కుర్రాడు బలం తగ్గించుకుని మృదంగాన్ని వినడం నేర్చుకోవాలి. రెండో పరీక్షలో మొదటి భాగం అద్భుతం. రైలు నడకా మిశ్రచాపూ ఒకటైపోయాయి, ఇది నేను వేరెక్కడా వినలేదు. కాని మధ్యలో సవాల్ జవాబ్ మూడు నిమిషాలు ఎందుకు? అక్కడ పాటలోని ఉద్యోగి కనబడలేదు, వీళ్ళ చేతివేగమే కనబడింది. మూడో పరీక్షలో నాకు అసంతృప్తి వుంది. రెండో చరణంలో సగం మాటలు గిటారు హోరులో మునిగిపోయాయి. అంత మంచి తెలుగు రాసుకుని ఎవరికీ వినబడకుండా చేసుకోవడం దేనికి? చివర్లో గొంతు ఒక్కటే మిగిలినప్పుడు హాలు ఎందుకు నిశ్శబ్దమైందో వాళ్ళు ఆలోచించుకుంటే సమాధానం అక్కడే దొరుకుతుంది.

చూశారా, పేరు పెట్టకుండానే ఇంత విమర్శ చెయ్యవచ్చు, మార్కులూ వెయ్యవచ్చు. అయితే విమర్శించే ముందు వినాలి, వినాలంటే వేదిక వుండాలి. కాబట్టి రాబోయే యూనియన్ కార్యవర్గానికి నా సూచనలు ఇవి. వచ్చే ఏడాది పట్టికలో 'స్వతంత్ర బృంద సంగీతం' అని ఒక విభాగం చేర్చండి. పాట సొంతదై వుండాలి, లేదా పాతదానికి సొంత కల్పన వుండాలి. సినిమా పాట కూడదు. వాయిద్యాల మీద ఆంక్షలు వద్దు. వ్యవధి పదిహేను నిమిషాలు. ముగ్గురు న్యాయనిర్ణేతలు: ఒకరు కర్ణాటక సంగీతం తెలిసినవారు, ఒకరు బ్యాండు వాద్యం తెలిసినవారు, ఒకరు మన తెలుగు శాఖ నుంచి. మాట బతికిందా లేదా చెప్పడానికి ఆ మూడోవారు తప్పనిసరి. ప్రతి బృందమూ తమ పాట ఏ రాగం, ఏ తాళం, ఎక్కడి నుంచి ఏం తీసుకున్నారో ఒక కాగితం మీద రాసివ్వాలి. దానివల్ల తెలిసి చేసేవాడెవడో తెలియక చేసేవాడెవడో తేలుతుంది, మా మాస్టారి భయమూ తీరుతుంది. చివరగా, ప్రతి బృందానికీ మైకులు సరిచూసుకోవడానికి అరగంట ఇవ్వండి. దీనికయ్యే ఖర్చు వేదిక ముందు పెట్టే పూల అలంకరణ ఖర్చు కంటే ఎక్కువ కాదు.

మా మాస్టారిని ఆ ముగ్గురిలో ఒకరుగా కూర్చోమని నేను స్వయంగా అడిగాను. "కూర్చుంటాను గాని మార్కులు నా ఇష్టం" అన్నారు. అంతకంటే ఏం కావాలి? తిట్టేవాడు ముందు వరసలో కూర్చుని తిడితే పాట బాగుపడుతుంది. ఇంట్లో కూర్చుని తిడితే ఎవరికీ లాభం లేదు.

ఇక రాక్ అందామా, రాగం అందామా అన్న ప్రశ్నకి నా సమాధానం అడిగితే, కొన్నాళ్ళు ఆగుదాం అంటాను. మన ఇళ్ళలో బిడ్డ పుట్టిన మర్నాడే పేరు పెట్టం. పురుటి నీళ్ళు పోశాక, ఇరవయ్యొకటో రోజున, నలుగురినీ పిలిచి బారసాల చేసి పెడతాం. బిడ్డ నిలదొక్కుకోవాలని, ముఖకవళికలు కాస్త తేలాలని ఆ గడువు. ఈ పాటకీ ఆ గడువు ఇద్దాం. అంతదాకా వాళ్ళకి ఒక వేదిక, రెండు మైకులు ఎక్కువ, మన చెవులు కాసేపు ఇద్దాం. పేరు దానంతట అదే వస్తుంది.